నాకు కనిపించినదంతా సత్యమేనా?



మన విచారణల్లో తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "రాత్రి కలలో మరియమాత కనిపించి ఈ సంబంధం వద్దన్నది." "ప్రార్థనలో ప్రభువు నాతో మాట్లాడాడు, మందులు మానేయమన్నాడు." మరికొందరి మాట ఇంకో తీరుగా ఉంటుంది. "పూజకు వెళ్తే నాకేమీ అనిపించడం లేదు. వెళ్లి ఏం లాభం?" పైకి ఈ రెండూ ఎదురెదురు మాటలే. కాని రెండింటికీ మూలం ఒక్కటే. నాకు అనిపించినదే సత్యానికి కొలబద్ద అనుకోవడమే ఆ మూలం.

లూర్దు నేర్పే పాఠం

ప్రతి ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్లే మన కుటుంబాలకు లూర్దుమాత కొత్త కాదు. ఫ్రాన్సు దేశంలోని లూర్దు పట్టణంలో 1858 ఫిబ్రవరి 11న 14 ఏళ్ల బెర్నదెత్తు అనే పేద బాలికకు ఒక గుహ దగ్గర ఒక స్త్రీమూర్తి కనిపించింది. ఆ ఏడాది జూలై 16 వరకు మొత్తం 18 దర్శనాలు కలిగాయి. బెర్నదెత్తు తండ్రి పిండిమర నడిపి చితికిపోయినవాడు. పాత చెరసాల గదిలో ఆ కుటుంబం తలదాచుకుంది.

అక్కడి విచారణ గురువులు ఆ బాలిక మాటను వెంటనే నమ్మలేదు. కనిపించినామె పేరు అడిగి రమ్మన్నారు. మార్చి 25న ఆ బాలిక సమాధానం తెచ్చింది. తాను అమలోద్భవినని ఆ తల్లి చెప్పింది. మరియమాత జన్మపాపం సోకకుండా ఉద్భవించినదని తొమ్మిదవ పయస్ పాపుగారు 1854లోనే విశ్వాస సత్యంగా ప్రకటించి ఉన్నారు. అంటే, ఆ దర్శనం కొత్త సిద్ధాంతాన్ని తేలేదు. శ్రీసభ అప్పటికే విశ్వసిస్తున్న సత్యంతో అది ఏకీభవించింది.

ఆ సంవత్సరమే లూర్దులో మరెందరో తమకూ దర్శనాలు కలిగాయన్నారు. వారందరూ కావాలని అబద్ధమాడారని అనలేం. కొందరు నిజంగానే అలా అనుకుని ఉండవచ్చు. కాని మనసులో కల్మషం లేనంత మాత్రాన చూసినది సత్యమైపోదు. ఆ దర్శనాలను శ్రీసభ అంగీకరించలేదు. బెర్నదెత్తు విషయంలోనూ మేత్రాణులు లోరెన్స్ గారు తొందరపడలేదు. 1858 జూలైలో పరిశీలక సంఘాన్ని నియమించి, మూడేళ్లకు పైగా విచారించి, 1862 జనవరి 18న తీర్పు ప్రకటించారు. లూర్దులో స్వస్థత పొందామని వేలమంది చెప్పినా, శ్రీసభ ఇంతవరకు అద్భుతాలుగా గుర్తించినవి 70 పైచిలుకు మాత్రమే.

బెర్నదెత్తు తన మాట నమ్మమని ఎవరినీ బలవంతం చేయలేదు. చెప్పమన్నది చెప్పి ఊరుకుంది. తరువాత కన్యాశ్రమంలో చేరి, ఉబ్బసంతోను ఇతర వ్యాధులతోను బాధపడుతూ 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. 1933లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది దర్శనాలు చూసినందుకు కాదు, ఆమె వినయాన్ని, విశ్వాస జీవితాన్ని చూసి.

శ్రీసభ బోధ

దేవుడు మనకు తెలియజేయవలసినదంతా తన కుమారుడైన క్రీస్తులో సంపూర్ణంగా తెలియజేశాడు. తరువాతి దర్శనాలు దానికి ఏమీ చేర్చలేవు, దానిలో ఏమీ దిద్దలేవు. క్రీస్తు బోధను మరింత శ్రద్ధగా జీవించడానికి తోడ్పడగలవు, అంతే. శ్రీసభ ఆమోదించిన దర్శనాన్ని సైతం సువార్తను నమ్మినట్లు నమ్మితీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. 2024 మే నెలలో రోము వెలువరించిన కొత్త నియమాల ప్రకారం, ఇది దైవికమైన దర్శనమే అని ప్రకటించడం ఇకమీదట సాధారణంగా జరగదు. లూర్దుమాతను గౌరవించే శ్రీసభే ఇంత జాగ్రత్త పాటిస్తుంటే, మన కలల విషయంలో మనమెంత జాగ్రత్తగా ఉండాలి!

అలాగని ఆత్మ ప్రేరణలను తోసిపుచ్చకూడదు. అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని పునీత పౌలుగారు తెస్సలోనిక క్రైస్తవులకు రాశారు. ఆ పరీక్షకు మూడు ప్రశ్నలు చాలు.

1. నాకు తోచినది క్రీస్తు బోధకు, శ్రీసభ విశ్వాసానికి అనుగుణంగా ఉన్నదా? మందులు మానేయమన్న స్వరాన్నే తీసుకోండి. వైద్యుణ్ణి గౌరవించమని, మందులను సృజించినది దేవుడేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. అలాంటప్పుడు ఆ స్వరం దేవునిదని ఎలా అనగలం? ఒక ప్రాణం పోయాక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

2. దాని ఫలం ఏమిటి? వినయం, శాంతి, ప్రేమ పెరుగుతున్నాయా? లేక భయం, గొప్పలు, ధనాశ, ఇంట్లో చీలికలు వస్తున్నాయా?

3. దానిని విచారణ గురువుల ముందు ఉంచి, వారి సలహా వినడానికి నేను సిద్ధమేనా?

ఏమీ అనిపించనప్పుడు

ఇక పూజలో ఏమీ అనిపించడం లేదనేవారి సంగతి. కోల్‌కతా పునీత మదర్ తెరెసా దాదాపు 50 ఏళ్లు ప్రార్థనలో దేవుని సాన్నిధ్యాన్ని అనుభవించలేక అంధకారంలో నలిగారని 2007లో వెలువడిన ఆమె లేఖల వలన లోకానికి తెలిసింది. అయినా ఆమె పూజ మానలేదు, పేదల సేవ మానలేదు. జ్వరం వచ్చిన నోటికి తేనె చేదుగా ఉంటుంది. అంతమాత్రాన తేనె తీపి పోతుందా? దివ్యసత్ప్రసాదంలో ప్రభువు ఉన్నాడన్నది మన మనసు కరిగిన రోజునా సత్యమే, కరగని రోజునా సత్యమే. అందుకే ఆ సత్యం మనకు ఆధారం. మన అనుభూతే ఆధారమైతే, అది వాడిన రోజున విశ్వాసం కూడా కూలిపోతుంది.

కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించుకోండి

1. మన ఇంట్లో కలను, శకునాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయమేదైనా ఉన్నదా? దానివలన ఎవరికి మేలు, ఎవరికి కీడు జరిగింది?

2. మనసు లగ్నం కానప్పుడు ప్రార్థన మానుకుంటున్నామా?

దూత మాట విని, తనకు అర్థం కానిది ప్రశ్నించి, ఆ పిమ్మట దేవుని చిత్తానికి తలవంచిన మరియమాత మనకు వివేకాన్ని, వినయాన్ని వేడుకొనును గాక!