తీరప్రాంత ఇసుక నేలలలో దొరువు సేద్యం – నీరు తోడే పరిమితి

బాపట్ల, చీరాల ప్రాంతాల సముద్రతీర ఇసుక నేలలలో చిన్న, సన్నకారు రైతులు తరతరాలుగా దొరువుల ఆధారంగా ఆకుకూరలు, కూరగాయలు, నారుమళ్ళు పెంచుతున్నారు. దొరువు అనగా ఇసుకలో ఊట తగిలేవరకు ఏటవాలుగా త్రవ్విన లోతు తక్కువ గుంట. రైతు అందులోకి దిగి, కడవలు ముంచుకొని, పైకెక్కి మళ్ళకు పోస్తాడు. తోటకూర నెల రోజులలోపే కోతకు వచ్చి ఏ రోజుకారోజు చేతికి డబ్బు అందిస్తుంది. అందుచేత పది సెంట్ల మడి కూడా ఇక్కడ ఒక కుటుంబానికి ఆధారమే.

ఈ సేద్యానికి మూలమైన మంచినీరు, వర్షం వలన ఇసుకలో ఇంకి ఉప్పునీటిపై తేలియుండే పొర మాత్రమే. మంచినీటి సాంద్రత ఘనమీటరుకు 1000 కిలోలు, సముద్రపు నీటిది సుమారు 1025 కిలోలు. ఘైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం నీటిమట్టం సముద్రమట్టానికి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, దిగువన సుమారు 10 మీటర్ల వరకు మంచినీరుంటుంది. మట్టం 10 సెంటీమీటర్లు తగ్గి అలాగే నిలిచిపోతే ఉప్పునీరు సుమారు 4 మీటర్లు పైకి వస్తుంది. క్షేత్రంలో ఈ రెండింటి నడుమ స్పష్టమైన హద్దు ఉండదు. కనుక ఉప్పదనం లెక్కకంటే ముందే బయటపడుతుంది.

పది సెంట్ల మడికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే సుమారు 2000 లీటర్లు కావాలి. పది లీటర్ల కడవలు రెండేసి చొప్పున మోస్తే వంద సార్లు ఎక్కిదిగాలి. సెకనుకు 5 లీటర్లు తోడే మోటారుకు అది ఏడు నిమిషాల పని. దొరువు మెట్లు దిగని వారికి ఆ వంద సార్ల శ్రమ విలువ తెలియదు. యువకులు ఆ పనికి రాకపోవటంలో తప్పేమీ లేదు. అయితే ఆ శ్రమయే ఇంతకాలం మంచినీటి పొరకు కాపలాగా నిలిచిందన్న సంగతిని మనం విస్మరిస్తున్నాము.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం రూపొందించిన మెరుగుపరచిన దొరువు పద్ధతిలో, రంధ్రాల గొట్టాలను నిలువుగా కాక అడ్డంగా అమర్చి, ఊటను ఒక బావిలోకి చేర్చి తోడుతారు. మంచినీటిని పై పొరనుండి విశాలంగా సేకరించటం వలన ఒకేచోట ఉప్పునీరు పొంగే ప్రమాదం తగ్గుతుంది. తగ్గుతుందే గాని తొలగిపోదు. మేము చూసిన ఒక తోటలో గొట్టాల అమరిక నిర్దుష్టంగానే ఉన్నది. రైతు మడిని రెట్టింపు చేసి, మోటారును గంటల తరబడి నడపటంతో వేసవిలో ఉల్లి ఆకుల కొనలు మాడినవి. లోపం రైతుది కాదు. ఎంతసేపు తోడవచ్చునో ఆయనకు మనమెవరమూ చెప్పలేదు.

కనుక ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితోపాటు నీటి విద్యుద్వాహకతను (ఇ.సి.) కూడా వారానికొకసారి, వేసవిలో మరింత తరచుగా నమోదు చేయవలెను. మోటారు వేసిన వెంటనే ఒకసారి, ఆపబోయే ముందు మరొకసారి కొలిస్తే, ఆ రెండింటి వ్యత్యాసమే తోడుడు మితిమీరినదీ లేనిదీ తెలుపుతుంది. వ్యత్యాసం పెరుగుతున్నచో మోటారును కొద్దిసేపు చొప్పున విడతలుగా నడపాలి.

పంటల ఎంపిక కూడా దీనినిబట్టియే జరగాలి. దిగుబడి తగ్గనారంభించే నేల లవణీయత హద్దు, సంతృప్త నేల ద్రావణంలో, ఉల్లికి మీటరుకు 1.2 డెసీసైమన్లు, మిరపకు 1.5, టమాటాకు 2.5, గోరుచిక్కుడుకు 8.8. వర్షాలు ముగిసి పొర నిండుగా ఉన్న నెలలలో ఉల్లి, మిరప వేసి, వేసవికి గోరుచిక్కుడు వంటి వాటిని ఉంచుకొనుట మేలు. ఉప్పదనం పెరిగిన నీటిని తుంపర పద్ధతిలో పగటి ఎండలో చల్లితే ఆకులు మాడతాయి.

ఇక పొరుగు రైతుల విషయం మిగిలినది. రాయితీ ఒక్కొక్క రైతుకు విడివిడిగా అందుతుంది, పొర మాత్రం అందరికీ ఒక్కటే. బావుల మధ్య దూరాన్ని, మోటార్ల సామర్థ్యాన్ని గ్రామస్థులను కూర్చోబెట్టి నిర్ణయించిన తరువాతనే కొత్త యూనిట్లు సిఫార్సు చేయటం ఉచితం.