కార్డు ఎక్కడ చెల్లుతుంది?

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి

"ఆరోగ్యమే మహాభాగ్యము" అన్నారు పెద్దలు. ఈ వాక్యంతో మొదలుపెట్టి హైస్కూల్లో ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. మార్కులు కూడా బాగానే వచ్చాయి. కాని చేతిలో కార్డు ఉండి, చీటీ ఉండి, మందుల దుకాణం ముందు నిలబడిన మనిషికి ఆ మాట ఎట్లా వినపడుతుందో నాకు నిరుడు గాని తెలియలేదు. తెలిసిన నాలుగు ముక్కలు తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఇంట్లో డాక్టరు చీటీ చదవగలిగింది మనమొక్కరమే.

నిరుడు వానాకాలం పత్తిలో కలుపు తీయిస్తుండగా మా బాపుకు ఛాతీలో నొప్పి లేచింది. పట్నంలోని ఒక ఆసుపత్రిలో చేర్పించాం. ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు. ఒక్క రూపాయి అడగలేదు. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా ఇచ్చారు. పదకొండో రోజున నేను చీటీ, కార్డు పట్టుకొని మండల కేంద్రంలోని మెడికల్ షాపుకు పోయాను.

"తమ్మీ, గీ కార్డు ఈడ నడ్వది. ఇది ఆసుపత్రిల ఆపరేషన్లకే. పైసలు దే" అన్నాడు షాపాయన. తప్పు ఆయనది కాదు. తెలియకపోవడం నాది. నెలకు పన్నెండు వందలయింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు గూట్లో మందుల పట్టీలు చూశాను. లెక్క ప్రకారం అయిపోవలసిన గోలీలు సగం మిగిలే ఉన్నాయి.

"బాపూ, గిన్ని గోలీలు మిగిలినయేంది?"

"రోజు ఇడిసి రోజు ఏసుకుంటున్న బిడ్డా. ఒక్క గోలీకి ఏమయితది? పోయినేడు యూరియా రెండు బస్తాలకు ఒక్కటే ఏసినం, పంట రాలేదా?"

నాకు నోట మాట రాలేదు. పైసలు మిగిలించింది నా హాస్టల్ మెస్సు బిల్లు కోసమని అమ్మ తరువాత చెప్పింది.

ఒక్క గోలీకి ఏమవుతుంది?

ముందు దీనికి జవాబు చెప్పుకుందాం. స్టెంటు అనగా సన్నని లోహపు జాలీ గొట్టం. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరచి పట్టుకుంటుంది. కాని రక్తానికి అది పరాయి వస్తువు. దెబ్బ తగిలిన చోట రక్తం గడ్డకట్టించే ఫలకికలు, అదే ప్లేట్‌లెట్లు, ఈ జాలీ మీద కూడా చేరి గడ్డ కట్టించవచ్చు. నాళపు లోపలి పొర జాలీని కప్పేదాకా ఈ భయం ఎక్కువ. అందుకే రెండు మందులు కలిపి ఇస్తారు. ఆస్పిరిన్ ఫలకికలోని సైక్లో ఆక్సిజినేజ్ అనే ఎంజైమును శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. క్లోపిడోగ్రెల్ లివరులో మార్పు చెంది, ఫలకిక పైనున్న పీ2వై12 అనే గ్రాహకాన్ని అట్లాగే కట్టివేస్తుంది.

ఫలకికకు కేంద్రకం లేదు గనుక చెడిన ఎంజైమును అది మళ్ళీ తయారు చేసుకోలేదు. అయితే దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులే. అంటే రోజుకు దాదాపు పదో వంతు ఫలకికలు కొత్తగా పుట్టి రక్తంలోకి వస్తుంటాయి. మందు కొద్ది గంటల్లోనే రక్తం నుంచి పోతుంది. నేటి గోలీ రేపటి కొత్త ఫలకికలను పట్టదు. గోలీ మానిన రోజున వచ్చినవి కట్టుబాటు లేకుండా తిరుగుతాయి. యూరియా తగ్గిస్తే దిగుబడి తగ్గవచ్చు. కాని ఇది గట్టుకు గండి పడటం వంటిది, సగం గండికి సగం నీళ్ళే పోవు. ఈ మందులు ఎన్నాళ్ళు వాడాలన్నది డాక్టరే చెప్పాలి. గుండెపోటు వచ్చి స్టెంటు పడినవారికి మామూలుగా సంవత్సరం పాటు రెండూ వాడమంటారు. సొంతంగా మానడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఏ కార్డుకు ఏ హద్దు?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలయింది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని రూ. 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఈ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. దీని ప్యాకేజీలో పరీక్షలు, చికిత్స, భోజనం, ఇంటికి పంపిన తరువాత 10 రోజుల మందులు చేరి ఉంటాయి. బయటి మెడికల్ షాపుకూ ఈ కార్డుకూ సంబంధం లేదు. అయితే చాలామందికి తెలియనిది మరొకటి ఉన్నది. కొన్ని ఎంపిక చేసిన చికిత్సలకు, ఇంటికి వచ్చిన తరువాత ఏడాది పాటు డాక్టరు చూపు, పరీక్షలు, మందులు కలిపి ఫాలో-అప్ ప్యాకేజీ ఉంటుంది. ఇది నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే దొరుకుతుంది. అడగనివాడికి ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. మాకు చేయలేదు.

కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో మొదలయింది. దానిలో డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకు మందులకు ఏర్పాటు ఉంది.

ఫ్యాక్టరీలో పనిచేసేవారికి 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. ఉన్నది. 2017లో దీని జీతపు పరిమితిని నెలకు రూ. 21,000గా చేశారు. పై రెండు పథకాలకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఆసుపత్రిలో పడక ఎక్కకపోయినా, దగ్గుకూ జ్వరానికీ కూడా ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో మందులిస్తారు. కుటుంబ సభ్యులకూ వర్తిస్తుంది.

ప్రైవేటు కంపెనీల మెడిక్లెయిం పాలసీలు చాలావరకు 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే పనిచేస్తాయి. చేరడానికి ముందు 30 రోజులు, తరువాత 60 రోజుల మందుల ఖర్చు ఇవ్వడం మామూలు. కాని బిల్లులు, చీటీలు జాగ్రత్తగా దాచి పంపితేనే సుమా!

మా ఊరి అన్న ఒకాయన అమెరికాలో ఉంటాడు. ఫోనులో ఈ సంగతి చెబితే, "మా దగ్గర కార్డు మందుల షాపులోనే చూపాలి" అన్నాడు. అక్కడ ప్రతి బీమా పథకానికీ ఒప్పుకున్న షాపుల జాబితా ఒకటి, ఒప్పుకున్న మందుల జాబితా ఒకటి ఉంటాయట. షాపు జాబితాలో ఉండి మందు లేకపోయినా, మందు ఉండి షాపు లేకపోయినా జేబుకు చిల్లే. కాబట్టి పథకం మారినప్పుడల్లా పాత షాపు చెల్లుతుందో లేదో ముందే ఫోను చేసి కనుక్కుంటారు. దేశం ఏదైనా పాఠం ఒకటే. కార్డు ఉందన్న ధీమా కన్నా, అది ఎక్కడ చెల్లుతుందన్న తెలివి ముఖ్యం.

కార్డు చెల్లని చోట ఏం చేయాలి?

మొదటి దారి ప్రభుత్వ దవాఖానా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు గోలీలు ఉచితంగా ఇస్తారు. మన చీటీలోని మందులలో అక్కడ ఏవి ఉన్నాయో అడగడానికి నామోషీ పడరాదు.

రెండవది జన ఔషధి కేంద్రం. ఈ పథకం 2008లో మొదలయింది. 2025 నాటికి దేశంలో కేంద్రాలు 15,000 దాటాయి. ఇక్కడ బీమా కార్డు అవసరం లేదు, రేషన్ కార్డు అవసరం లేదు, ఎవరైనా కొనవచ్చు. కంపెనీ పేరు లేకుండా మందు అసలు పేరుతో అమ్ముతారు గనుక ధర చాలా తక్కువ. దగ్గరి కేంద్రం ఎక్కడుందో, ఏ మందు ఎంతో 'జన ఔషధి సుగమ్' అనే మొబైల్ యాప్‌లో చూడవచ్చు. అన్ని మందులూ అన్ని వేళలా ఉండవు. బస్సు ఎక్కే ముందు ఫోను చేసి అడగడం మంచిది.

చీటీ మీద పేరు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డాక్టరు కంపెనీ పేరుతో చీటీ రాస్తే, అదే మందు ఉన్న వేరే కంపెనీ గోలీని షాపువాడు తనంతట తాను మార్చి ఇవ్వరాదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్ మందులకు ఈ నిషేధం ఉంది. కాబట్టి మందు అసలు పేరు రాయమని డాక్టరునే అడగాలి. జెనరిక్ పేర్లతో, చదవడానికి వీలుగా రాయాలని వైద్య మండలి నియమాలే 2016 సవరణలో చెప్పాయి. అది మన హక్కు, వినయంగా అడిగితే తప్పులేదు.

"చవకది పనిచేస్తుందా?" అని అమ్మ అడిగింది. విత్తనాల్లో మోసపోయినవాళ్ళకు ఆ అనుమానం సహజం. కెమిస్ట్రీ విద్యార్థిగా నేను చెప్పగలిగింది ఇది: క్లోపిడోగ్రెల్ అణువుకు తన పైన ఏ కంపెనీ ముద్ర ఉందో తెలియదు. జన ఔషధి మందులను గుర్తింపు పొందిన ప్రయోగశాలలలో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. అయితే మూర్ఛ, థైరాయిడ్ వంటి వ్యాధుల మందులలో కొద్ది తేడా కూడా ముఖ్యమే గనుక, డాక్టరును అడగకుండా కంపెనీ మార్చరాదు.

ధర విషయంలో కూడా మనకు కొంత రక్షణ లేకపోలేదు. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలోని వాటికి గరిష్ఠ ధర నిర్ణయిస్తారు. మార్కెట్లో 1 శాతం, ఆపైన వాటా ఉన్న కంపెనీల ధరల సగటు తీసి, దానికి 16 శాతం దుకాణదారు లాభం కలుపుతారు. 2022 జాబితాలో 384 మందులు ఉన్నాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడూ అందులోవే. స్టెంట్లకు కూడా 2017 ఫిబ్రవరిలో ధర కట్టడి చేశారు.

డిశ్చార్జి రోజున అడగవలసినవి

1. ఈ చికిత్సకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉందా? ఉంటే మొదటి తేదీ ఏది? (ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.)
2. ఏ మందు ఎన్నాళ్ళు? ఏది ఒక్కరోజు కూడా మానరాదు?
3. మందుల అసలు పేర్లు చీటీ మీద ఉన్నాయా?
4. డిశ్చార్జి కాగితం, బిల్లులు అన్నీ చేతికి వచ్చాయా?
5. మందులు ఎవరు తెస్తారు, ఎవరు లెక్క చూస్తారు?

అయిదవది కార్డుల సంగతి కాదు, ఇంటి సంగతి. అయినా అన్నిటికన్నా అదే ముఖ్యమని నాకు తోస్తుంది.

దసరా మరునాడే బాపును తీసుకొని అదే ఆసుపత్రికి పోయాను. ఆరోగ్యమిత్ర కాగితాలు చూసి, "మీకు ఫాలో-అప్ ఉన్నది కదా, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?" అని మమ్మల్నే అడిగాడు. కోపం వచ్చింది, కాని అప్పుడు కావలసింది మందులు. తీసుకున్నాం. డాక్టరు బాపును పరీక్షించి ప్రమాదమేమీ జరగలేదన్నాడు. ఆ ప్యాకేజీలో రాని రెండు గోలీలు ఇప్పుడు హనుమకొండలో జన ఔషధిలో కొని నెలకోసారి నేనే పంపుతున్నాను.

రోజు రాత్రి అన్నం తిన్నాక బాపు ఫోను చేస్తాడు. "ఏసుకున్న బిడ్డా" అంటాడు. ఇంకేం మాట్లాడడు. ఆ రెండు మాటల కోసమే ఈ వ్యాసం రాశాను. మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు గూట్లోని మందుల పట్టీలు ఒక్కసారి లెక్కపెట్టి చూడండని నా మనవి.