ప్రశ్నలు – జవాబులు: ఎఫ్‌జె క్రూయిజర్‌పై రెండు తీర్పులు

ప్రశ్న: టయోటా ఎఫ్‌జె క్రూయిజర్‌లో వెనుకవైపు చూపు ఆనదని, వెనుక సీట్లోకి ఎక్కడం కష్టమని, పెట్రోలు ఎక్కువ తాగుతుందని నిపుణుల సమీక్షలు చెబుతున్నాయి. ఎమిరేట్స్‌లో ఆ వాహనం ఉన్నవారు మాత్రం దానికి సాటి లేదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? — ఒక పాఠకుడు, షార్జా

జవాబు: ఈ భేదాభిప్రాయంలో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. ఒకే వాహనాన్ని రెండు రకాల నేలల మీద, రెండు రకాల కాలవ్యవధుల్లో కొలిచినందువల్లనే రెండు తీర్పులు పుట్టాయి. 2003లో డెట్రాయిట్ వాహన ప్రదర్శనలో నమూనాగా కనిపించి, 2006లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఎఫ్‌జె క్రూయిజర్‌ను పాత ఎఫ్‌జె40 ల్యాండ్ క్రూయిజర్‌ను తలపించేలా రూపొందించారు. దాదాపు నిట్టనిలువుగా నిలిచిన ముందు అద్దం, దాన్ని తుడవడానికి మూడు వైపర్లు, తెల్లని పైకప్పు, వెనుక మూలల్లో మందపాటి స్తంభాలు ఆ పోలిక కోసం వచ్చినవే. ఆ స్తంభాలే వెనుకవైపు చూపును మింగేస్తాయని సమీక్షకులు రాసినది నిజం, దానిని కాదనే యజమాని కూడా అరుదు. అయితే సమీక్షకుడు ఆ లోపాన్ని మొదటి వాక్యంలో పెడితే, యజమాని దానిని చివరి వాక్యంలో పెడతాడు. తగాదా ఉన్నది లోపం ఉందా లేదా అన్నదాని దగ్గర కాదు, దానికి ఎంత బరువు ఇవ్వాలన్నదాని దగ్గరే.

సమీక్షకుడి చేతికి సాధారణంగా కంపెనీ ఇచ్చిన కొత్త వాహనం కొద్ది రోజులపాటు వస్తుంది. ఆ కొద్ది రోజుల్లో అతడు నగరంలో, హైవే మీద, వీలైతే ఒక కొండదారిలో నడిపి, అదే ధరకు దొరికే ఇతర వాహనాలతో పోల్చి, ఏ పాఠకుడు కొంటాడో తెలియదు కనుక అందరికీ వర్తించే మాట చెప్పవలసి ఉంటుంది. షార్జాలోని మలీహా దగ్గర ఫాసిల్ రాక్ చుట్టూ ఉన్న ఇసుకలోనో, దుబాయ్–హట్టా దారిలో బిగ్ రెడ్ అని పిలిచే ఎర్రని దిబ్బ మీదనో ప్రతి వారాంతం గడిపే మనిషికి ఆ సగటు లెక్క పనికిరాదు. అతడికి ముఖ్యమైన గుణం వేరే ఉంది.

ఆ గుణాన్ని అర్థం చేసుకోవాలంటే వీల్‌బేస్ అనే మాట తెలియాలి. ముందు చక్రాల ఇరుసుకూ వెనుక చక్రాల ఇరుసుకూ మధ్య ఉండే దూరమే వీల్‌బేస్. అప్పటి టయోటా ప్రాడో చట్రం, అంటే ఇంజిన్‌నూ చక్రాలనూ మోసే ఉక్కు దూలాల నిచ్చెన, ఎఫ్‌జెకి ఆధారం. ప్రాడోలో 2,790 మిల్లీమీటర్లు ఉన్న ఈ దూరాన్ని ఎఫ్‌జెలో 2,690 మిల్లీమీటర్లకు తగ్గించారు. కాగితం మీద పది సెంటీమీటర్లే కావచ్చు, కాని ఇసుక దిబ్బ కొన దాటేటప్పుడు ముందు చక్రాలు అవతలికి దిగి, వెనుక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్న క్షణంలో వాహనం పొట్ట కొన మీద ఆనుతుందా, తప్పించుకుంటుందా అన్నది ఆ దూరమూ నేల నుంచి పొట్టకు ఉన్న ఎత్తూ కలిసి తేల్చే విషయం. పొట్ట ఆనితే నాలుగు చక్రాలూ గాలిలో తిరిగినట్టే అవుతాయి, ఆపైన పార పట్టి తవ్వడం తప్ప మార్గం ఉండదు. పొడవాటి, విశాలమైన వాహనాలకు హైవే మీద ఎక్కువ మార్కులు పడతాయి. దిబ్బ కొన మీద ఆ పొడవే వాటికి అడ్డు. సమీక్షకుడు ఇరుకు అని రాసిన శరీరమే యజమానికి చురుకుగా అనిపించడం ఇందువల్లనే.

దీనికి తోడు 4 లీటర్ల వి6 ఇంజిన్ ఉంది. టర్బో, అంటే పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం, లేని సాదా ఇంజిన్ అది. ప్రాడోలోనూ అదే ఉండటం వల్ల ఏ వీధి గ్యారేజీలోనైనా దాన్ని ఎరిగిన మెకానిక్ దొరుకుతాడు. ఈ సుగుణం వారం రోజుల పరీక్షలో కనపడదు, ఎనిమిదో వేసవిలో కనపడుతుంది. అమెరికాలో 2014 మోడల్‌తోనూ, జపాన్‌లో 2018లోనూ అమ్మకాలు ముగిసిన తర్వాత కూడా గల్ఫ్ దేశాల కోసం 2022 చివరి దాకా ఈ వాహనం తయారవుతూనే ఉండటం ఇక్కడి యజమానుల తీర్పుకు వచ్చిన అతి గట్టి సాక్ష్యం.

అయినా యజమాని మాటను అలాగే మింగడం కూడా తగదు. డబ్బు పెట్టి కొన్న వస్తువును తప్పుపట్టడమంటే తన తెలివిని తానే తప్పుపట్టుకోవడం కనుక మనిషి మనసు దానికి ఒప్పుకోదు. పైగా లోపానికి అలవాటు పడినవాడికి అది లోపంగా తోచదు: అద్దాల్లో చూస్తూ, మెడ తిప్పుతూ అయిదేళ్లు నడిపినవాడు చూపుకు ఇబ్బంది లేదని మనస్ఫూర్తిగా అంటాడు, కాని మొదటిరోజు నడిపేవారికి ఆ మెడ అలవాటు ఇంకా రాలేదు. ఇద్దరూ చూడలేకపోయిన విషయాలు కూడా ఉన్నాయి. ఈ వాహనంలో ముందు సీట్ల బెల్టులను చుట్టే యంత్రం వెనుక తలుపుల్లోనే బిగించి ఉంటుంది. ఆ తలుపులను ఏళ్ల తరబడి బలంగా వేస్తూ ఉంటే బెల్టు బిగించిన చోట రేకు చీలే ప్రమాదం ఉందని తేలడంతో టయోటా 2013 మార్చిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3,10,000 ఎఫ్‌జెలను మరమ్మతు కోసం వెనక్కి పిలిచింది. సమీక్షకుడి వారం రోజుల్లో ఆ చీలిక రాదు. యజమాని గర్వం దాన్ని వెతకదు.

ప్రశ్న: ఇంట్లో అయిదేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉన్నారు. అత్తగారూ మామగారూ ఏటా కొన్ని నెలలు విజిట్ వీసా మీద వచ్చి ఉంటారు. మా ఇంటాయన మాత్రం ఎఫ్‌జె తప్ప మరొకటి వద్దంటున్నారు. — ఒక పాఠకురాలు, అబుదాబి

జవాబు: ఈ ఇంటి విషయంలో సమీక్షకుల మాటే సరైనది, ఇందులో సందేహానికి తావు లేదు. ఎమిరేట్స్‌లో 2017లో సవరించిన ట్రాఫిక్ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. పదేళ్లు నిండని పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. కనుక ఇద్దరు పిల్లలూ వెనుకే కూర్చోవాలి. ఎఫ్‌జెలో వెనుక తలుపు తెరవాలంటే ముందు తలుపు ముందుగా తెరవాలి, ముందు కూర్చున్నవారు బెల్టు విప్పాలి. అప్పుడు రెండు తలుపులూ పుస్తకం తెరిచినట్టు ఎదురెదురు దిక్కులకు విచ్చుకుంటాయి. భవనాల కింద ఉండే ఇరుకైన పార్కింగ్‌లో పక్క కారుకూ ఈ రెండు తలుపులకూ మధ్య చిక్కుకుని నిలబడి, నిద్రపోతున్న బిడ్డను సీట్లో కట్టడం ఎంత కష్టమో దానిని రోజుకు నాలుగుసార్లు చేసే తల్లికే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారు అంత ఎత్తుకు ఎక్కి, పక్కకు వంగి, చిన్న కిటికీల వెనుక కూర్చోవడం ఇంకా కష్టం.

ఎఫ్‌జెని మెచ్చుకునే యజమానుల్లో చాలామందికి అది ఇంట్లో రెండో బండి, లేదా వారు ఒంటరిగా ఉండే యువకులు అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వారి అనుభవం నిజమే, కాని ఆ అనుభవంలో వెనుక సీటు అనేది సామాను పెట్టుకునే చోటు. ఇంటాయన ఎడారి ముచ్చట తీరాలంటే నాలుగు మామూలు తలుపులు ఉన్న ప్రాడోను పరిశీలించడం మేలు, దిబ్బ కొన మీద కోల్పోయే పది సెంటీమీటర్లను ఇంటిల్లిపాది సౌఖ్యం పూడుస్తుంది.

ప్రశ్న: పెట్రోలు ఖర్చు గురించి సమీక్షకులు అతిగా చెబుతున్నారా? — ఒక పాఠకుడు, అల్ ఐన్

జవాబు: అతిగా చెప్పలేదు. ఎమిరేట్స్‌లో 2015 ఆగస్టు నుంచి పెట్రోలు ధర అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి నెలనెలా మారుతోంది. పెట్రోలు గురించి ఎవరూ ఆలోచించరనే పాత మాట అంతకుముందు కాలానిది, అయినా నేటికీ నోటినోటా నడుస్తూనే ఉంది. ఇసుకలో చక్రం ప్రతి చుట్టులోనూ నేలను తవ్వుకుంటూ పోవాలి కనుక రోడ్డు మీద ఖర్చయ్యేదాని కంటే అక్కడ చాలా ఎక్కువ ఖర్చవుతుంది. ఆస్ట్రేలియాలో 72 లీటర్ల ట్యాంకుతో అమ్మకానికి వచ్చిన ఎఫ్‌జెకి 2013లో అదనపు ట్యాంకు చేర్చి మొత్తం సామర్థ్యాన్ని 159 లీటర్లకు పెంచారు. సమీక్షకుల ఫిర్యాదును కంపెనీ వారే అంగీకరించారనడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు.

ప్రశ్న: అమెరికా నుంచి దిగుమతి అయిన ఎఫ్‌జె చాలా తక్కువ ధరకు దొరుకుతోంది. దాని మీద వచ్చిన అమెరికన్ సమీక్షలూ యజమానుల మాటలూ బాగానే ఉన్నాయి. తీసుకోవచ్చా? — ఒక పాఠకుడు, అజ్మాన్

జవాబు: సమీక్ష ఒక మోడల్ గురించి చెబుతుంది, ఎదురుగా నిలబడిన ఒక్క బండి గురించి చెప్పదు. ఇక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న ఆ బండి జీసీసీ స్పెక్ అవునా కాదా అన్నది. జీసీసీ స్పెక్ అంటే గల్ఫ్ సహకార మండలి దేశాల వేడికీ దుమ్ముకూ తగినట్టు రేడియేటర్, ఏసీ వంటి భాగాలను అమర్చి, ఇక్కడి అమ్మకానికే తయారు చేసిన వాహనం. అమెరికా నుంచి వచ్చే చవక బండ్లలో అక్కడ ప్రమాదానికో వరదకో గురై, బీమా కంపెనీ పూర్తి నష్టంగా లెక్కకట్టి వదిలేసినవి గణనీయంగా ఉంటాయి. చాసిస్ సంఖ్య ఆధారంగా ఆ చరిత్ర బయటికి తీయించకుండా, పైన చెప్పిన బెల్టు మరమ్మతు జరిగిందో లేదో అదే సంఖ్యతో అడగకుండా ఒక్క దిర్హాము కూడా ముందుగా ఇవ్వకూడదు.

జీసీసీ బండి అయినా ఎడారిలో కష్టపడినదైతే జాగ్రత్త అవసరం. వాహనాన్ని లిఫ్ట్ మీద ఎక్కించి పొట్ట కింద దెబ్బలు, చట్రం వంపులు చూడాలి. బానెట్ తెరిచి ముందు చక్రాల పైభాగంలో ఉండే లోపలి రేకు ఉబ్బిందా, పగిలిందా అని వేలితో తడిమి చూడాలి. దూకుడుగా నడిపిన తొలి ఏళ్ల ఎఫ్‌జెలలో ఆ రేకు ఉబ్బడాన్ని మొదట కనిపెట్టింది సమీక్షకులు కాదు, అమెరికాలోని యజమానులే. తమ బండ్లను ఎంత ప్రేమించినా ఆ లోపాన్ని దాచకుండా కొలిచి, ఫొటోలు తీసి అందరి ముందు పెట్టిన ఆ యజమానుల పని ఎంతో గౌరవించదగినది. యజమాని మాటకు విలువ వచ్చేది ఇలాంటి చోటే: వాహనం ఎంత గొప్పదో చెప్పేటప్పుడు కాదు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ భాగం పోయిందో చెప్పేటప్పుడు.

ప్రశ్న: కొత్త నిస్సాన్ పాట్రోల్‌నూ, ల్యాండ్ క్రూయిజర్‌నూ సమీక్షకులు పొగుడుతున్నారు. పాత వి8 యజమానులు మాత్రం వాటిని బండ్లుగా కూడా లెక్కపెట్టడం లేదు. ఇది పాతవారి మొండితనమేనా? — ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: కొంత మొండితనం, కొంత విజ్ఞత. 2010లో అబుదాబిలో ఆవిష్కరించిన పాట్రోల్ ప్రతి చక్రానికీ విడివిడి సస్పెన్షన్‌తో వచ్చినప్పుడు, ముందూ వెనుకా కూడా ఒకే దృఢమైన ఇరుసు ఉన్న పాత పాట్రోల్ అభిమానులు అది ఇసుకకు పనికిరాదని తీర్మానించారు. వారి కోసం పాత మోడల్‌ను సఫారీ పేరుతో కంపెనీ ఏళ్ల తరబడి కొత్తదాని పక్కనే అమ్మింది. అయితే 5.6 లీటర్ల వి8 ఉన్న ఆ కొత్తదే తర్వాత ఎమిరేట్స్ ఎడారులకు ఇష్టమైన వాహనంగా నిలిచింది, కనుక అప్పటి యజమానుల భయం తేలిపోయింది.

ఇప్పటి సందేహం అటువంటిది కాదు. ల్యాండ్ క్రూయిజర్ 2021లోనూ, పాట్రోల్ 2024 సెప్టెంబరులోనూ వి8ని విడిచి రెండు టర్బోలున్న వి6 ఇంజిన్లకు మారాయి. బలం తగ్గలేదు, పాట్రోల్‌లో 400 అశ్వశక్తి 425 అయింది. కాని టర్బోలున్న ఇంజిన్ 50 డిగ్రీలకు చేరువయ్యే వేసవిలో, మెత్తని ఇసుకలో, పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నది కొత్త బండి నడిపిన ఏ సమీక్షకుడూ చెప్పలేని విషయం. ల్యాండ్ క్రూయిజర్ ఇంజిన్ కుటుంబానికే చెందిన వి6 ఉన్న సుమారు 1,02,000 టయోటా టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ వాహనాలను, తయారీలో మిగిలిన లోహపు తునకల కారణంగా, 2024లో అమెరికాలో వెనక్కి పిలవవలసి వచ్చింది. అమ్మకానికి వచ్చిన నాటి సమీక్షల్లో దాని ఊసే లేదు. తొందర లేని కొనుగోలుదారు రెండు మూడు వేసవులు ఆగితే, ఆలోగా యజమానులే జవాబు చెబుతారు.

ప్రశ్న: 700 మిల్లీమీటర్ల లోతు నీటిని ఎఫ్‌జె దాటగలదని కంపెనీ లెక్క. అంతకంటే లోతులో కూడా వాదీలు దాటామని యజమానులు అంటున్నారు. — ఒక పాఠకుడు, రాస్ అల్ ఖైమా

జవాబు: వాదీ అంటే మామూలు రోజుల్లో ఎండి ఉండి, కొండల్లో వాన పడితే క్షణాల్లో ప్రవహించే లోయ. కంపెనీ ఇచ్చే కొలత నిలిచి ఉన్న నీటికి, గట్టి నేలకు వర్తించేది; హజర్ పర్వతాల నుంచి రాళ్లు దొర్లించుకుంటూ వచ్చే ప్రవాహం అంతకంటే తక్కువ లోతులో కూడా టన్నుల బరువున్న వాహనాన్ని పక్కకు తోసేస్తుంది, ఎందుకంటే నీరు బండిని కొంత పైకి లేపి చక్రాలకు నేల పట్టును తగ్గిస్తుంది. దాటి వచ్చినవారే కథ చెప్పగలరు గనుక ఈ ఒక్క విషయంలో యజమానుల సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు గడవకముందే 254 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు ఏడాది ముందే, 2023లో, వరద పారుతున్న వాదీలోకి వాహనంతో దిగినవారికి 2,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులపాటు వాహనం స్వాధీనం అనే నిబంధన వచ్చింది. ఆకాశం మబ్బు పట్టిన రోజున షోకా వాదీ వైపు గాని, హట్టా వైపు గాని బయలుదేరకుండా ఇంటి దగ్గరే ఆగడం మంచిది.