కొండదారి సైకిలును మన కొలతకు అమర్చుకొనుట

దర్జీ మన కొలతలు తీసికొనియే చొక్కా కుట్టును. కాని సైకిలు కర్మాగారమున ఎవరి కొలతయు తీసికొనక తయారగును. దానిని మన దేహమునకు, మన దారికి, మన స్వారీకి అనుగుణముగా అమర్చుకొనుట మన పని. ఈ పని చేయనివారు మోకాలి నొప్పితో పాఠశాలకు వత్తురు. కొందరు దిగుడులో పడుదురు. మరికొందరు సైకిలు మూలకు చేర్చి, దూరమను కారణముతో చదువునకే దూరమగుదురు. కనుక ఈ పాఠమును పిల్లలతోపాటు తల్లిదండ్రులును చదువవలెనని కోరుచున్నాము.

మన నేల

బీదరు పట్టణము సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైబడిన ఎత్తున, ఎర్రని జంబిట్టరాతి పీఠభూమిపై నున్నది. కోట చుట్టునున్న కందకములు ఈ రాతిని తొలిచి చేసినవే. ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు ప్రాంతమున ఇట్టి రాతిని చూచి, లాటిను భాషలో ఇటుక యను అర్థమిచ్చు మాటనుండి 1807లో దీనికి లేటరైటు అను పేరు పెట్టెను. ఈ రాయి అరిగి గులకరాళ్ళగును. గట్టినేలపై పరచుకొన్న ఆ గుండ్రని రాళ్ళమీద చక్రము జారును. పీఠభూమి దిగి పొలములలోనికి పోయినచో నల్లరేగడి. వర్షాకాలమున అది టైరునకు అంటుకొని మడ్‌గార్డులో నిండి చక్రమును ఆపివేయును. ఒకే ప్రయాణములో ఎక్కుడు, దిగుడు, గులక, బురద నాలుగును ఎదురగు మన ప్రాంతమునకు కొండదారి సైకిలు తగినదే. కాని అది అమర్చినపుడే తగినది.

ఈ సైకిలు పుట్టుక

రెండు సమానమైన చక్రములు, చైను గల సైకిలును 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ రూపొందించెను. 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చెను. కొండదారి సైకిలు మాత్రము చాల ఆలస్యముగా పుట్టినది. 1970ల దశకమున కాలిఫోర్నియాలోని టామల్పయిస్ పర్వతప్రాంతమున కొందరు యువకులు పాతకాలపు బరువు సైకిళ్ళను తీసికొని, వానికి మంచి బ్రేకులు, గేర్లు బిగించి కొండ దిగుచుండిరి. 1976లో వారు ఒక మట్టిదారిపై పందెము మొదలిడిరి. ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఒక్కసారి దిగునంతలో వెనుక చక్రపు ఇరుసులోని బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగయై పోవుటచే, ప్రతిసారియు ఇరుసు విప్పి గ్రీజు తిరిగి నింపవలసివచ్చెడిది. అందుచేత ఆ పేరు. 1977లో జో బ్రీజ్ ఈ పనికై ప్రత్యేకముగా చట్రము నిర్మించెను. అనగా, ఈ సైకిలు కర్మాగారమున పుట్టినది కాదు; తమ దారికి తగినట్లు పాత సైకిలును మార్చుకొన్నవారి చేతులలో పుట్టినది. మనము నేర్చుకొనబోవునదియు అదే విద్య.

1. చట్రము, సీటు

"పెద్దది కొన్నచో పిల్లవాడు ఎదిగి సరిపోవును" అని తల్లిదండ్రులు తలచుట సహజము. చొక్కా వదులైన ప్రమాదము లేదు. సైకిలు పెద్దదైన ప్రమాదము కలదు. రెండు పాదములు నేలపై మోపి చట్రపు పైకడ్డీకి ఇరువైపుల నిలిచినపుడు, కడ్డీకిని దేహమునకును నడుమ కనీసము రెండంగుళముల ఖాళీ యుండవలెను. అది లేని సైకిలును కొనరాదు.

సీటు ఎత్తునకు సులభమైన పరీక్ష యిది. సీటుపై కూర్చుండి, మడమను క్రిందికి దిగిన పెడల్ మీద ఉంచుము. కాలు నిటారుగా సాగవలెను. అపుడు ముందరి పాదముతో త్రొక్కునపుడు మోకాలు కొద్దిగా వంగి యుండును. మరింత ఖచ్చితము కావలెనన్నచో లెక్క కలదు. వట్టి కాళ్ళతో గోడకానుకొని నిలిచి, కాళ్ళ నడుమ ఒక పుస్తకమును పైకి ఆనించి, నేలనుండి పుస్తకపు పై అంచువరకు కొలువుము. ఆ కొలతను 0.883తో హెచ్చింపుము. కాలి కొలత 72 సెంటీమీటర్లయినచో 72 × 0.883 = సుమారు 63.6. క్రాంకు ఇరుసు మధ్యనుండి సీటు పైభాగమువరకు ఇంత దూరముండవలెను. సీటు మరీ క్రిందనున్నచో మోకాలి ముందరి భాగము నొచ్చును. మరీ పైనున్నచో మోకాలి వెనుక భాగము నొచ్చి, నడుము ఇటునటు ఊగును.

ఈ ఎత్తు సమతలమునకు, ఎక్కుడునకు తగినది. నిటారు దిగుడులో సీటును రెండుమూడంగుళములు దించవలెను. అపుడు దేహమును వెనుకకును క్రిందికిని జరుపుటకు చోటు దొరకును. ఖరీదైన సైకిళ్ళలో మీట నొక్కగానే సీటు దిగును. మామూలువానిలో ఆగి, బిగింపు విప్పి దించుకొనవలెను. సీటు గొట్టముపై ఒక గీత గీయబడి యుండును. ఆ గీత బయటికి కనబడునంత పైకి ఎత్తరాదు, గొట్టము విరుగును. అన్నాచెల్లెళ్ళు ఒకే సైకిలు వాడు ఇండ్లలో, ఆ గొట్టముపై ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు గీత పెట్టుకొన్నచో ప్రతిదినము కొలువ నవసరము లేదు.

2. హ్యాండిలు, బ్రేకులు

హ్యాండిలు పట్టినపుడు మోచేతులు కొద్దిగా వంగి యుండవలెను. చేతులు బిగిసియున్నచో రాతి తాకిడి నేరుగా భుజములకు చేరును. బ్రేకు మీటలు ముంజేతికి సూటిగా, కొంచెము క్రిందికి వంగి యుండవలెను. పెద్దల చేతికి అమర్చిన మీట బాలుని వ్రేలికి అందదు. మీట మొదట నుండు చిన్న మరను త్రిప్పినచో మీట హ్యాండిలు దగ్గరకు వచ్చును. ఒకటి లేక రెండు వ్రేళ్ళతో బ్రేకు వేయగలిగి, తక్కిన వ్రేళ్ళు హ్యాండిలును వదలకుండుటయే సరియైన అమరిక.

బ్రేకు దిమ్మ రిమ్మునే తాకవలెను. టైరును తాకినచో టైరు కోసికొనిపోవును. ఏ చేతి మీట ఏ చక్రమునకో ముందే తెలిసికొనుము. బ్రేకు వేయగానే బరువు ముందుకు జరుగును, కనుక ముందు బ్రేకు బలము ఎక్కువ. కాని గులకపై అది ఒక్కసారిగా బిగిసినచో ముందు చక్రము జారి మనిషి పడును. కనుక రెండింటిని మెల్లగా, కలిపి, మలుపునకు ముందే వేయవలెను. తడిసిన రిమ్ముపై బ్రేకు ఆలస్యముగా పట్టునని వర్షాకాలమున మరువరాదు.

3. టైరులో గాలి

గాలి ఎంత ఎక్కువయైన అంత మంచిదను నమ్మకము తారు రోడ్డునకు కొంతవరకు చెల్లును. గులకపై గట్టి టైరు బంతివలె ఎగురును; మెత్తని టైరు రాతిని పట్టుకొనును. మరీ తగ్గించినచో రిమ్మునకును రాతికిని నడుమ ట్యూబు నలిగి, పాముకాటువలె రెండు రంధ్రములు పడును. టైరు ప్రక్కన కనిష్ఠ గరిష్ఠములు అచ్చువేయబడి యుండును. ఆ హద్దులలోనే, తేలికవారు కనిష్ఠమునకు దగ్గరగా, బరువువారు కొంత ఎక్కువగా ఉంచుకొనవలెను. వెనుక చక్రము ఎక్కువ బరువు మోయును గనుక అందు రెండుమూడు పౌనులు అధికముగా నుంచుట మేలు.

4. స్ప్రింగు ఫోర్కు

ముందు ఫోర్కు నిలువుగా కదలగల దూరమును ప్రయాణమందురు. దానిపై ఒక సన్నని దారము కట్టి, క్రిందివరకు జరిపి, మెల్లగా సైకిలెక్కి, మెల్లగా దిగుము. దారము ఎంత జరిగెనో అంత మన బరువునకు ఫోర్కు కుంగినదన్నమాట. ప్రయాణములో నాల్గవ వంతు, అనగా 120 మిల్లీమీటర్లలో 30 కుంగిన చాలును. గాలితో పనిచేయు ఫోర్కులో గాలి ఎక్కించి, తగ్గించి దీనిని సరిచేయవచ్చును. చవుక సైకిళ్ళలోని ఉక్కు స్ప్రింగు తరచుగా పెద్దల బరువునకు చేసినది. 40 కిలోల బాలునికి అది కుంగనే కుంగదు. అట్టి ఫోర్కు వట్టి బరువు మాత్రమే. దానికై అధిక ధన మిచ్చుటకంటె, కదలని ఫోర్కుతో మంచి బ్రేకులు గల సైకిలు కొనుట వివేకము.

5. గేర్లు: ఒక లెక్క

చక్రపు చుట్టుకొలత 2.2 మీటర్లనుకొందము. ముందు పండ్లచక్రమున 44, వెనుక 18 పండ్లున్నచో, పెడల్ ఒక్కసారి తిరిగిన సైకిలు 44 ÷ 18 × 2.2 = సుమారు 5.4 మీటర్లు పోవును. వెనుక 22 పండ్లున్నచో 4.4 మీటర్లే పోవును. దూరము తగ్గినది, కాని కాలు పెట్టవలసిన బలమును అదే నిష్పత్తిలో, అనగా సుమారు నూటికి 18 వంతులు తగ్గినది. గేర్లు గల సైకిలులో ముందు 24, వెనుక 28 పండ్లపై చైను వేసినచో దూరము 1.9 మీటర్లకు దిగును. నిటారు ఎక్కుడు కూర్చుండియే ఎక్కవచ్చును. చేయవలసిన పని తగ్గదు. అది చిన్నచిన్న భాగములుగా పంచబడును. గేర్లు లేని సైకిలున్నవారు నిరుత్సాహపడ నక్కరలేదు. వెనుక ఫ్రీవీలును పెద్దదిగా మార్పించి, కావలసిన చైను లింకులు చేర్పించిన చాలును.

ఒక్కసారి ఒక్క మార్పు

అన్నింటిని ఒకే దినమున మార్చినచో దేనివలన మేలు కలిగెనో, దేనివలన కీడు కలిగెనో తెలియదు. ఒక నోటుపుస్తకమున తేదీ, మార్పు, ఫలితము అను మూడు గడులు గీయుము. ఒక్క మార్పు చేసి, అదే దారిలో, అదే దిగుడులో నడిపి, ఫలితము వ్రాయుము. పిమ్మటనే రెండవది. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేయునదియు ఇదే.

మరొక మాట. బీదరులో మరమ్మతు దుకాణమునకు పోయినచో కన్నడమును, దక్కనీ ఉర్దూను వినుచుందుము. ఆ భాషలు మనకు అవసరము, ఆదరణీయము. కాని సీటు ఎందుకు ఎత్తవలెనో, గాలి ఎందుకు తగ్గించవలెనో ఇంటిభాషలో ఆలోచించి గ్రహించిన బాలిక, ఏ భాషలోనైనను తడబడక అడుగగలదు. కారణము తెలిసినవారికి మాట దొరకును. తల్లిదండ్రులు తమ పిల్లలను వారానికొకసారి పానా చేతికిచ్చి, సైకిలు ముందు కూర్చుండబెట్టి, "ఇది ఏమి? ఇట్లెందుకు?" అని తెలుగులో ప్రశ్నింతురుగాక.

అభ్యాసము

1. మీ కాలి కొలత తీసి, సీటు ఎత్తు లెక్కింపుము. ఇప్పటి ఎత్తుతో పోల్చుము.
2. మీ సైకిలు పండ్లచక్రముల పండ్లు లెక్కించి, పెడల్ ఒక్కసారి త్రిప్పిన ఎంత దూరము పోవునో కనుగొనుము. నేలపై సుద్దతో గీచి సరిచూడుము.
3. గులకదారిలో ముందు బ్రేకును హఠాత్తుగా వేయరాదు. ఎందుకు?
4. మీ ఇంటినుండి పాఠశాలవరకు గల దారిని గీచి, ఎక్కుడు, దిగుడు, గులక, బురద గల చోట్లను గుర్తించి, ఒక్కొక్కచోట ఏ జాగ్రత్త అవసరమో వ్రాయుము.