లాయరు గడప తొక్కబోతున్నారా? పరస్పర అంగీకార విడాకుల దారి ఇదీ

వంద రూపాయల స్టాంపు కాగితం మీద భార్యాభర్తలు సంతకాలు పెట్టి, కింద నలుగురు పెద్దమనుషులు సాక్షులుగా చేవ్రాలు చేస్తే విడాకులు అయిపోయినట్టేనని మన ఊళ్లలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. నోటరీ ముద్ర కూడా పడితే ఇక తిరుగులేదనుకుంటారు. కానీ హిందూ వివాహ చట్టం, 1955 కిందికి వచ్చే పెళ్లిని రద్దు చేయగలిగింది కోర్టు మాత్రమే. కొన్ని కులాల్లో తరతరాలుగా ఉన్న తెగతెంపుల ఆచారాన్ని ఆ చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతుంది, నిజమే. అయితే అలాంటి ఆచారం తమలో ఉందని రుజువు చేసుకోవాల్సిన భారం దాన్ని చెప్పుకునేవాళ్లదే. ఆ కాగితాన్ని నమ్ముకుని మారుమనువు చేసుకున్నాక, ఏ పింఛను దగ్గరో ఆస్తి పంపకం దగ్గరో ఎవరో ఒకరు “డిక్రీ ఏది?” అని అడుగుతారు. అప్పుడు ఆ పెద్దమనుషుల్లో ఎందరు బతికుంటారో, ఉన్నా ఎందరు కోర్టు మెట్లెక్కుతారో.

పెద్దమనుషుల వల్ల ఉపయోగం లేదని కాదు. ఎవరు ఎవరికి ఏమివ్వాలి, పిల్లలు ఎక్కడుండాలి అన్నది వాళ్లు కూర్చోబెట్టి తేల్చగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను. ఇది ఇద్దరికీ విడిపోవాలని ఉన్న దంపతుల కోసం. చట్టంలో దీనికి 13-బి అనే సెక్షన్ ఉంది, 1976లో చేర్చారు. ఒకరు కావాలని, మరొకరు వద్దని కొట్లాడుకునే విడాకులది పూర్తిగా వేరే కథ.

మొదట తేల్చుకోవాల్సింది

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ దారి పట్టకండి. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి, లేదా జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి వెళ్లండి. భయంతో పెట్టిన సంతకం అంగీకారం కాదు. ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా అని జడ్జి కూడా అడుగుతారు.

ఆ బెడద లేకపోతే ఒక లెక్క చూసుకోవాలి. పిటిషన్ వేసేనాటికి మీరిద్దరూ కనీసం ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. విడిగా అంటే వేర్వేరు ఊళ్లలోనే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా కాపురం చేయకపోతే అది విడిగా ఉండటమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పుట్టింటికి వెళ్లిన తేదీ గానీ, గది మార్చిన నెల గానీ ఇద్దరూ ఒకేలా చెప్పగలగాలి. ఆమె ఉగాది అని, అతను దసరా అని చెబితే కోర్టులో ఇబ్బంది.

ఆఫీసు వెతకడం

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కేసుల కోసం వెంటపడకూడదు. బార్ కౌన్సిల్ నియమాలు అలా ఉన్నాయి. కాబట్టి “విడాకుల స్పెషలిస్టు” అని గోడల మీద రాయించుకున్నవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి. మంచి లాయరును పట్టుకోవడానికి ఇప్పటికీ పాత పద్ధతే మేలు. ఏదో ఒక ఉదయం పదిన్నరకు ఫ్యామిలీ కోర్టు వరండాలో గంటసేపు నిలబడండి. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లో సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఎవరు వేళకు వస్తున్నారు, క్లయింటుతో ఎలా మాట్లాడుతున్నారు, అవతలి పక్షం మనిషిని చూసి ఎవరు గొంతు పెంచుతున్నారు అన్నది అక్కడే తెలిసిపోతుంది. గొంతు పెంచేవాడు వేరే కేసుల్లో పనికొస్తాడేమో. మీకు మాత్రం వద్దు.

డబ్బు లేదని వెనక్కి తగ్గక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవా సదన్ ఉంటుంది. అక్కడ ఒక దరఖాస్తు ఇస్తే చాలు, లేదా 15100కి ఫోను చేయండి. ఊళ్లో పేరున్న లాయర్లు కొందరు ఆ సంస్థ ప్యానెల్‌లోనూ ఉంటారు. మండలాల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు పెట్టినప్పుడు బాల్యవివాహాల గురించో భూమి కాగితాల గురించో మాట్లాడేది వాళ్లే. కాలేజీలోనో పంచాయతీ ఆఫీసులోనో అలాంటి సదస్సు జరిగితే వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ప్రశ్న అడిగిన ముసలమ్మకు ఓపిగ్గా జవాబు చెప్పిన లాయరు మీకూ చెబుతాడు. ఫీజు కట్టకముందే మనిషిని అంచనా వేసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఊళ్లలో తిరిగే పారా లీగల్ వలంటీర్లను అడిగినా ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతారు.

ఆఫీసులో ఎవరు ఎవరు

ముందు గదిలో ఫైళ్ల మధ్య కనిపించేది గుమస్తా గారు. చాలామంది ఆయన్ని దాటుకుని “సార్ ఉన్నారా?” అంటూ లోపలికి తొంగిచూస్తారు. అది తెలివితక్కువ పని. వాయిదా ఏ రోజు, బాటా (నోటీసు ఖర్చు) కట్టారా, పిటిషన్‌కు నంబరు పడిందా, రిటర్న్ అయిందా అన్నది ఆయనకే ముందు తెలుస్తుంది. సార్‌కు కూడా ఆయనే చెబుతాడు. పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. ఫోన్ నంబరు తీసుకోండి. కోర్టు ఖర్చులకని ఆయన చేతికి ఇచ్చే ప్రతి రూపాయీ ఒక పుస్తకంలో రాసుకోండి, ఆయన ముందే రాసుకోండి. మంచి గుమస్తా దానికేమీ అనుకోడు.

తరవాత జూనియర్. మీ కథ మొత్తం విని కాగితం మీద పెట్టేది ఎక్కువగా ఆ అమ్మాయో అబ్బాయో. సీనియర్ దగ్గర సిగ్గుపడి దాచిన విషయాలన్నీ జూనియర్‌కైనా చెప్పండి. ఇంతకుముందు పెట్టిన పోలీసు కేసు, బ్యాంకు లాకరు, ఇద్దరి పేరా ఉన్న ఇంటి రుణం ఏదీ వదలొద్దు. ఇక సీనియర్. ఆయన్ని మొదటిరోజే రెండు విషయాలు సూటిగా అడగండి: ఫీజు మొత్తం ఎంత, అందులో ఏమేమి కలిసుంటాయి. భరణంగా వచ్చే సొమ్ములో ఇంత శాతం ఇవ్వాలని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. కేసు ఫలితంలో వాటా అడగడం లాయర్లకు నిషిద్ధం.

ఇద్దరికీ ఒకే లాయరు చాలా? ఖర్చు కలిసొస్తుందని చాలామంది అలాగే చేస్తారు. నా అభిప్రాయం అడిగితే, పిల్లలూ ఆస్తీ లేని జంటకు సరే. అవి ఉన్నచోట కనీసం ఒప్పందాన్నైనా ఎవరి తరఫున వాళ్లు వేరే లాయరుకు చూపించుకోవాలి.

పట్టుకెళ్లాల్సిన కాగితాలు

“అమ్మా, శుభలేఖ తెచ్చారా?” అని గుమస్తా అడిగితే ఆశ్చర్యపోకండి. పెళ్లి జరిగిందనడానికి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఉంటే వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఇద్దరి ఆధార్, చిరునామా రుజువు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు కూడా. ఏ కోర్టులో వేయాలన్నది వీటిని బట్టే తేలుతుంది. పెళ్లి జరిగిన ఊరు, చివరిసారి కలిసి కాపురమున్న ఊరు, అవతలి పక్షం ఉంటున్న ఊరు, భార్య ఇప్పుడుంటున్న ఊరు, వీటిలో ఎక్కడైనా వేయవచ్చు.

ఒప్పందం: అసలు పని ఇక్కడే

కోర్టులో పట్టే సమయం కొన్ని నిమిషాలు. ఈ ఒప్పందం రాసుకోవడానికి మాత్రం నెల పట్టినా తొందరపడొద్దు. “అన్నీ సెటిల్ చేసుకున్నాం” అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టినవాళ్లే మళ్లీ కోర్టుకొస్తారు.

డబ్బు సంగతి ముందు. మొత్తం ఒకేసారా, విడతలా? విడతలైతే ఏ తేదీన, ఏ రూపంలో? చేతికి నగదు ఇవ్వొద్దు, డీడీ గానీ బ్యాంకు బదిలీ గానీ చేయండి. మొదటి విడత పిటిషన్ వేసిన రోజున, చివరి విడత జడ్జి ముందు రెండోసారి వాంగ్మూలం ఇచ్చే రోజున అని పెట్టుకుంటే ఇద్దరికీ భద్రత. మొత్తం ముందే ఇచ్చేస్తే అతనికి భయం, మొత్తం చివరికి పెడితే ఆమెకు భయం.

బంగారం, పెళ్లి సామాను. అమ్మాయికి పెట్టిన నగలు ఆమె స్త్రీధనం, భరణంలో కలిపి లెక్కేసేవి కావు. ఏ నగ ఎన్ని కాసులు, ఎవరి దగ్గరుంది, ఏ రోజు అప్పగించారు అని జాబితా రాసి, అందుకున్నవాళ్లు కింద సంతకం చేయాలి. బీరువా, మంచం, మిక్సీ కూడా. నవ్వొస్తుంది గానీ లక్షల దగ్గర ఒప్పుకున్నవాళ్లు మిక్సీ దగ్గర విడిపోయి మళ్లీ వాదనకు దిగుతారు.

పిల్లలు. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం. ఆ పైన ఎవరి దగ్గర, రెండోవాళ్లు ఏ వారం చూడాలి, సంక్రాంతి సెలవులు ఎక్కడ, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, స్కూలు ఫీజు ఎవరు కడతారు, ఊరు మారాల్సివస్తే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఇవన్నీ రాయండి. పిల్లల పోషణ ఖర్చు నాకొద్దని తల్లి రాసిచ్చినా పిల్లల హక్కు పోదు. పరిస్థితులు మారితే కోర్టు ఈ ఏర్పాట్లను మార్చగలదు.

పోలీసు కేసులు, మనోవర్తి కేసులు పెండింగ్‌లో ఉంటే ఏది ఎవరు, ఎప్పుడు ఉపసంహరించుకోవాలో కేసు నంబరుతో సహా రాయాలి. క్రిమినల్ కేసుకు హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని కోరేది) అవసరం పడవచ్చు. దాని ఖర్చు ఎవరిదో కూడా ఇందులోనే తేలాలి.

కోర్టులో

ఇద్దరూ వకాల్తా మీద, ఉమ్మడి పిటిషన్ మీద సంతకాలు పెడతారు. ఫైలింగ్ సెక్షన్‌లో ఏదో లోపం చూపి ఒకసారి రిటర్న్ చేయడం మామూలే, సరిచేసి మళ్లీ వేస్తారు. నంబరు పడ్డాక ఎఫ్‌సీఓపీ అనో, హెచ్‌ఎంఓపీ అనో పిలుస్తారు. దాంతోపాటు వచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా మీరే చూసుకోవచ్చు, ప్రతిసారీ గుమస్తాకు ఫోను చేయక్కర్లేదు.

ఫ్యామిలీ కోర్టులో లాయరును పెట్టుకోవడం హక్కేమీ కాదు. ఆ కోర్టులను పెట్టిన 1984 నాటి చట్టం కుటుంబ తగాదాలు సాధ్యమైనంతవరకు వాదోపవాదాలు లేకుండా తీరాలని కోరుకుంది. అందుకే లాయరును అనుమతించమని చిన్న పిటిషన్ ఒకటి వేస్తారు, మామూలుగా ఒప్పుకుంటారు. జడ్జి గారు మిమ్మల్ని కౌన్సెలర్ దగ్గరికి పంపవచ్చు. కలిసుండే అవకాశం ఉందేమో చూడటం ఆ కోర్టు విధి. విసుక్కోకుండా వెళ్లండి. విచారణ గదిలోకి పక్కవాళ్లను రానివ్వొద్దని కోరవచ్చు, చుట్టాలందరినీ వెంటేసుకెళ్లక్కర్లేదు.

జడ్జి ముందు మొదటి వాంగ్మూలం ఇచ్చినా, పిటిషన్ వేసిన నాటి నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ తరవాత, పిటిషన్ వేసిన నాటి నుంచి పద్దెనిమిది నెలలు దాటకముందే, ఇద్దరూ కలిసి మళ్లీ కోరాలి, రెండో వాంగ్మూలం అప్పుడే. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాదిన్నరకు పైగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, డబ్బు, పిల్లల సంగతులు తేలిపోయి ఉంటే మాఫీ చేయమని అడగవచ్చు. మాఫీ జడ్జి విచక్షణ. దాన్ని నమ్ముకుని ముందే ఇంకో సంబంధం ఖాయం చేసుకోకండి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు ఆ పిటిషన్ నిలవదు. లోక్ అదాలత్‌లో తొందరగా అవుతుందని కొందరు చెబుతారు. భరణం, పిల్లల విషయాలు అక్కడ రాజీ చేసుకోవచ్చు గానీ విడాకులు ఇవ్వడం దాని పని కాదు.

మిగతావాళ్లకు

రిజిస్టరు పెళ్లి, అంటే ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద చేసుకున్నవాళ్లకు దాదాపు ఇదే దారి, 28వ సెక్షన్. క్రైస్తవులకు 1869 నాటి చట్టంలో 10-ఎ సెక్షన్ ఉంది. ముస్లిం దంపతులు ముబారత్ ద్వారా పరస్పరం విడిపోవచ్చు, అయినా ఫ్యామిలీ కోర్టు నుంచి ఉత్తర్వు తీసుకుంటే తరవాతి కాగితాల పని తేలికవుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు దంపతుల్లో భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. మన చట్టంలో లేని కారణంతో, అవతలి మనిషి ఆ కోర్టుకు లోబడకుండా తెచ్చుకున్న డిక్రీకి ఇక్కడ విలువ లేదు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్నదైతే వేరు. ఏమైనా ఇక్కడి పెళ్లికి ఇక్కడే 13-బి కింద వేయడం మేలు.

డిక్రీ వచ్చిన రోజు

కాపీ అప్లికేషన్ ఆ రోజే వేయించండి. సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోండి. ఒకటి బ్యాంకుకో పాస్‌పోర్టు ఆఫీసుకో వెళ్తుంది, ఒకటి ఇంట్లో ఉంటుంది, ఒకటి ఎక్కడో పోతుంది. జీవిత బీమా, పీఎఫ్, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు మార్చడం చాలామంది మరిచిపోతారు. రేషన్ కార్డులో పేర్లు విడదీయించుకోవాలి. ఉమ్మడి ఇంటి రుణం ఉంటే బ్యాంకు మీ డిక్రీని చూసి ఒకరిని వదిలేయదు, విడిగా దరఖాస్తు చేసి ఒప్పించుకోవాలి. మళ్లీ పెళ్లి ఆలోచన ఉంటే అప్పీలు గడువు సంగతి లాయరును అడిగి, ఆ తరవాతే ముహూర్తం పెట్టించుకోండి. ఆఫీసు నుంచి మీ ఒరిజినల్ కాగితాలన్నీ వెనక్కి తీసుకునేటప్పుడు జాబితా చూసుకుని గుమస్తా గారి రిజిస్టరులో సంతకం చేసి రండి.