పన్నెండు ఒక్కటే చూస్తే చాలదు

మారుతీ 800 కారు చాలామందికి తెలుసు. ఈ కారు 1983లో వచ్చింది. 2014లో దీని తయారీ ఆపేశారు. అయినా పాత కారును ముచ్చటగా ఉంచుకున్న వాళ్ళు ఉన్నారు. కొందరు ఇనప రిమ్ములు తీసేసి, మెరిసే అల్లాయ్ రిమ్ములు వేయిస్తారు.

ఒక ఇంట్లో అలాంటి కారు ఉంది. ఇంటాయన కొత్త రిమ్ములు, కొత్త నట్లు తెచ్చాడు. తెల్లారితే పిల్లలతో తిరుపతి ప్రయాణం. వాకిట్లో కూర్చుని రిమ్ము ఎక్కించాడు. నట్టు రెండు చుట్లు తిరిగింది. తర్వాత బిగుసుకుపోయింది. ఆయన పెద్ద పానా అందుకున్నాడు.

"ఆగండి. మేస్త్రి చీటీ రాసిచ్చాడు కదా. చూద్దాం" అంది భార్య.

చీటీలో 12 × 1.25 అని ఉంది. నట్ల పెట్టె మీద 12 × 1.5 అని ఉంది. ఆమె రెండూ కూడబలుక్కుని చదివింది.

"రెండూ పన్నెండే కదా" అన్నాడు ఆయన.

"పన్నెండు కలిసింది. పక్క అంకె కలవలేదండీ" అంది ఆమె.

ఇద్దరూ పెట్టె తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళారు.

"మంచి పని చేశావమ్మా" అన్నాడు మేస్త్రి. "నట్టు ఎక్కే మర కడ్డీని స్టడ్డు అంటాం. 12 అంటే దాని లావు, మిల్లీమీటర్లలో. పక్క అంకె ఒక మరకూ ఇంకో మరకూ మధ్య దూరం. ఈ కారుకు అది ఒకటింపావు. మీరు తెచ్చింది ఒకటిన్నర. బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. బిగిసినట్టే కనబడుతుంది. కానీ దారిలో చక్రం ఊడిపోవచ్చు."

మేస్త్రి సరైన నట్లు తీశాడు. ముందు నట్టు అడుగు చూపించాడు. కొన్ని నట్ల అడుగు గరాటాలా వాలుగా ఉంటుంది. కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. కొన్నిటికి బల్లపరుపుగా, వాషరుతో ఉంటుంది. రిమ్ము గుంట ఎలా ఉంటే నట్టు అడుగూ అలాగే ఉండాలి. కుదురులో కుండ కూర్చున్నట్టు కూర్చోవాలి. లేకుంటే బండి నడిచేకొద్దీ వదులవుతుంది.

"ఇప్పుడు చుట్లు లెక్కపెట్టమ్మా" అంటూ మేస్త్రి నట్టును చేత్తో తిప్పాడు. ఏడు చుట్లే వచ్చాయి.

అల్లాయ్ రిమ్ము మందం ఎక్కువ. అందుకే పాత స్టడ్డు పొడవు చాలలేదు. స్టడ్డు ఎంత లావో, మర కనీసం అంత పొడవున పట్టాలి. ఈ కారుకు 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పది చుట్లు.

పొడుగు స్టడ్లు వేయాల్సి వచ్చింది. వాటికి మర కలిస్తే చాలదు. వెనక హబ్బులో కరిచిపట్టే గాట్ల భాగం లావు కూడా కలవాలి. ఆ స్టడ్లు దొరికేసరికి పొద్దు గూకింది. ప్రయాణం ఒక రోజు ఆగింది.

మేస్త్రి మరలకు నూనె రాయలేదు. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాడు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాడు. "వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగింపు చూసుకోండి" అన్నాడు.

మర్నాడు తిరుపతి దారిలో ఆమె మీటరు చదువుతూ కూర్చుంది.

"వంద అయిందండీ. పక్కకు ఆపండి" అంది.

ఆయన మారు మాట్లాడకుండా పానా తీశాడు.

చెప్పండి:
1. 12 × 1.25లో ఏ అంకె దేన్ని చెబుతుంది?
2. ఏడు చుట్లు ఎందుకు చాలలేదు?
3. వంద కిలోమీటర్ల తర్వాత ఏం చేయాలి?