"గెలిచాం" అన్నదెవరు?

వ్యాకరణం బాగా చదువుకున్నవాళ్ళకి కూడా ఒక్కోసారి తట్టని చిన్న విశేషంతో ఈ వ్యాసం మొదలుపెడతాను. "గెలిచాం" అనే క్రియకు కర్త ఎవరు? "మనం గెలిచాం" అన్నా అదే రూపం, "మేము గెలిచాం" అన్నా అదే రూపం. కర్తను మింగేసి ఒట్టి క్రియను కేక వేస్తే అందులో ఎవరెవరు చేరారో చెప్పడం కష్టం. ఆడినవాడు ఉండవచ్చు, గట్టుమీద కూర్చుని చూసినవాడు ఉండవచ్చు, ఆ పూట మైదానం ఛాయలకే పోనివాడూ ఉండవచ్చు.

ఆ మూడోరకం వాణ్ణి నేను. హాస్టల్లో ఉన్న రోజుల్లో నా రూమ్మేటు కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. అంతర్ కళాశాలల పోటీల్లో మావాళ్ళు తొలి ఆట గెలిచిన సాయంత్రం నేను ల్యాబ్ రికార్డు రాసుకుంటూ గదిలోనే ఉన్నాను. కబురు తెలియగానే మెస్సులోకి పరుగెత్తి "గెలిచాం!" అని అరిచినవాళ్ళలో నా గొంతే పెద్దది. గెలిచిన గోల్‌కీపరు మాత్రం మోచేతికి అయొడిన్ రాసుకుంటూ ఓ మూల కూర్చున్నాడు. ఆ కథలో మిగతా సగం చివర చెబుతాను. ఈలోగా, ఆడనివాడికి ఆ "గెలిచాం" ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. దాన్ని శ్రద్ధగా పరిశీలించినవాళ్ళు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు. పరిశీలనకు వాళ్ళకు దొరికిన ప్రయోగశాల అక్కడి కాలేజీ ఫుట్‌బాల్.

బోణీ బేరం

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని ఎక్కువగా చేతులతోనే పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. వై అక్షరంలా రెండు నిలువు కొమ్ములున్న గోల్‌పోస్టు మధ్యనుంచి బంతిని తన్నితే 3 పాయింట్లు. జట్టుకు 11 మంది. అక్కడి విశ్వవిద్యాలయాలకు ఈ ఆట మన ఊళ్ళకు తిరునాళ్ళ వంటిది. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షకు పైగా జనం పడతారు.

సీజను ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో ఆరంభమై జనవరిలో ముగుస్తుంది. వారానికి ఒక్కటే ఆట. అన్నీ కలిపి పన్నెండుకు కాస్త అటూఇటూ. కాబట్టి అభిమాని ఏడెనిమిది నెలలు ఉపవాసం ఉండి తొలి ఆటకు వస్తాడు. ఆ రోజు పొద్దున అన్ని జట్లూ సమానమే. ఎవరి ఖాతాలోనూ ఓటమి లేదు. మన బజారులో కొట్టువాడు బోణీ బేరం కోసం ఎంత ఆరాటపడతాడో తెలుసు కదా. మొదటి రూపాయి కళ్ళకద్దుకుని, రోజంతా అలాగే సాగుతుందని నమ్ముతాడు. తొలి ఆట గెలిచిన జట్టు అభిమానిది అదే నమ్మకం. ఒక్క ఆటతో సీజనంతా అతని కళ్ళముందు కనబడిపోతుంది.

ఇందుకు 2007 సెప్టెంబరు 1ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ తన సీజను తొలి ఆటకు అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టును పిలిచింది. మిషిగన్‌ది అప్పుడు దేశంలో 5వ ర్యాంకు. అపలాచియన్ స్టేట్ ఉత్తర కరొలైనా కొండల్లో బూన్ అనే చిన్న పట్టణంలోని కాలేజీ. అప్పట్లో అది ఆడింది కింది మెట్టు పోటీల్లో. ఆ మెట్టులో వరసగా రెండేళ్ళు ఛాంపియనే, అయినా కింది మెట్టు కింది మెట్టే. అప్పట్లో పై మెట్టు జట్టుకు 85 మంది ఆటగాళ్ళ స్కాలర్‌షిప్పులు అనుమతిస్తే కింది మెట్టు జట్టుకు అనుమతించింది 63 మాత్రమే. పెద్ద జట్టు డబ్బిచ్చి చిన్న జట్టును పిలవడం, సొంత జనం ముందు సునాయాసంగా గెలవడం అక్కడ ఆనవాయితీ. బోణీ ఖాయం చేసుకోవడమన్నమాట.

ఆనాడు వచ్చిన ప్రేక్షకులు 1,09,218 మంది. సగం ఆట ముగిసేసరికి అపలాచియన్ స్టేట్ 28–17తో ముందుంది. మిషిగన్ పుంజుకుని 32–31 చేసింది. ఆట ముగియడానికి 26 సెకన్లుండగా అపలాచియన్ ఆటగాడు బంతిని కొమ్ముల మధ్య నుంచి తన్ని 34–32 చేశాడు. ఆఖరి క్షణాల్లో మిషిగన్ కూడా అలాగే తన్నబోతే, కోరీ లించ్ అనే ఆటగాడు ఎగిరి అడ్డుకున్నాడు. లక్షమంది జనం మూగబోయారు.

ఖాళీ మైదానంలో గోల్‌పోస్టు

నా దృష్టిలో అసలు పాఠం ఆ తరువాత బూన్‌లో జరిగింది. ఆట జరిగింది అక్కడికి వందల మైళ్ళ దూరంలో. దాన్ని ప్రసారం చేసిన టీవీ చానెల్ పుట్టి అప్పటికి 2 రోజులు. చాలా ఇళ్ళకు అందనే లేదు. అయినా గెలిచిన కబురు రాగానే విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. తమ కాలేజీ స్టేడియంలోకి జొరబడ్డారు. ఆ రోజు అక్కడ ఆట లేదు, ఆటగాళ్ళు లేరు. అయినా అక్కడి గోల్‌పోస్టును పెకలించి, భుజాలకెత్తుకుని, ఊరేగింపుగా ఛాన్సలర్ ఇంటిదాకా మోసుకెళ్ళారు.

పిచ్చి అనిపిస్తుంది. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. గెలుపు ఎక్కడో దూరాన పడింది. దాన్ని చేత్తో ముట్టుకోవాలి, భుజంమీద బరువుగా మోయాలి, "ఇందులో నా చెయ్యి కూడా ఉంది" అనుకోవాలి. దానికి చేతికందిన వస్తువు ఆ గోల్‌పోస్టు. మెస్సులో నేను అరిచిన అరుపూ ఆ గోల్‌పోస్టు లాంటిదే. కాకపోతే కాలేజీకి ఖర్చు తగల్లేదు.

సోమవారం చొక్కా

ఈ ఆరాటాన్ని లెక్కకు తెచ్చినవాడు రాబర్ట్ చాల్డీని. ఆయనా సహచరులూ 1973 సీజనులో 7 విశ్వవిద్యాలయాల్లో ఒక తేలిక పని చేశారు. ప్రతి సోమవారం సైకాలజీ తరగతిలో ఎంతమంది తమ యూనివర్సిటీ పేరో చిహ్నమో ఉన్న బట్టలు వేసుకొచ్చారో లెక్కపెట్టారు. శనివారం తమ జట్టు గెలిచిన వారాల్లో అలాంటి చొక్కాలు ఎక్కువ కనబడ్డాయి. ఓడిన వారాల్లో తగ్గాయి. విద్యార్థులు వాళ్ళే, పెట్టెలో చొక్కా అదే. పైకి తీయడమా, అడుగున దాచడమా అన్నది శనివారం తేలింది.

రెండో ప్రయోగం ఇంకా సూక్ష్మం. విద్యార్థులకు ఫోను చేసి, క్యాంపస్ విషయాల మీద 6 ప్రశ్నలు అడిగారు. జవాబులు ఎలా ఉన్నా కొందరికి "మీకు 5 సరిగ్గా వచ్చాయి" అనీ, కొందరికి "ఒక్కటే వచ్చింది" అనీ చెప్పారు. ఆ తరువాత, మాటల్లో మాటగా, ఫలానా ఫుట్‌బాల్ ఆట ఏమయిందని అడిగారు. "మనం" అన్నారా, "వాళ్ళు" అన్నారా అని చెవి పెట్టి విన్నారు. పరీక్ష తప్పామని అనుకుంటున్నవాళ్ళలో, తమ జట్టు గెలిచిన ఆట గురించి "మనం" అన్నవారు 40 శాతం. గెలవని ఆట గురించి అలా అన్నవారు 14 శాతం. పరీక్ష నెగ్గామనుకున్నవాళ్ళలో ఈ తేడా దాదాపు లేదు, 24, 22 శాతాలు. ఫలితాలు 1976లో ప్రచురించారు.

అంటే ఏమిటి? తనదైన గెలుపు చేతిలో ఉన్నవాడికి జట్టు గెలుపు అంత అవసరం లేదు. అప్పుడే దెబ్బతిన్నవాడు పక్కవాడి వెలుగులోకి జరుగుతాడు. "సొమ్మొకడిది, సోకొకడిది" అని మన పెద్దలు ఎగతాళిగా అన్న మాటను ఈ అంకెలతో కలిపి చూస్తే నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. నేను మెస్సులో అరిచిన వారం నా మొదటి టెర్మినల్ పరీక్షలో వచ్చిన మార్కులు ఇక్కడ రాయను. చాల్డీని గారు చూస్తే సంతోషించి ఉండేవారు.

మనం, మేము, వాళ్ళు

ఇక్కడ మన భాష దగ్గరకు వద్దాం. ఇంగ్లీషువాడికి "వుయ్" ఒక్కటే. మనకు రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే "మనం", బయటపెడితే "మేము". ఈ ప్రయోగం తెలుగులో చేస్తే పరిశోధకుడు రెట్టింపు వివరం రాసుకోవలసి ఉంటుంది. గెలిచిన రాత్రి అభిమాని ఆటగాడి భుజంమీద చెయ్యి వేసి "మనం గెలిచాం రా" అంటాడు. అది వాటా అడగడం. పక్క కాలేజీవాడి దగ్గర "మేం గెలిచాం" అంటాడు. అది గీత గీయడం. అదే నోరు ఓడిన రాత్రి ఆటగాడితో "మీరెలా ఓడిపోయారు?" అంటుంది. వాటాదారు కాస్తా అప్పులవాడవుతాడు.

మన మాటలో మరో సొగసైన తప్పుదారి కూడా ఉంది. గెలిస్తే "మ్యాచ్ గెలిచాం" అంటాం. ఓడితే "మ్యాచ్ పోయింది" అంటాం. పోయింది ఎవరు? మ్యాచే. తనంతట తానే, తాడు తెంపుకున్న దూడలా పోయింది. అందులో మనిషే లేడు. విజయానికి వెయ్యిమంది కర్తలుంటే, ఓటమికి వ్యాకరణంలో కూడా దిక్కులేదు.

ఇలా ఓటమినుంచి తప్పుకోవడం గురించి కూడా 1986లో స్నైడర్, లాసెగార్డ్, ఫోర్డ్ అనేవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న బృందాలుగా పనిచేయించి, "మీ బృందం విఫలమైంది" అని చెబితే, సభ్యులు ఆ బృందంతో సంబంధం తగ్గించుకోవడానికే చూశారు. అయితే అందరూ తప్పుకోగలరా? 1992లో హర్ట్ అనే శాస్త్రజ్ఞుడూ సహచరులూ ఇండియానా విశ్వవిద్యాలయంలో వీరాభిమానులకు బాస్కెట్‌బాల్ ఆటలు చూపించి, తరువాత కొన్ని చిన్న పనులు ఇస్తే ఎలా చేయగలరో వాళ్ళనే అంచనా వేసుకోమన్నారు. జట్టు ఓడినప్పుడు వాళ్ళు తమ సొంత సామర్థ్యాన్నే తక్కువగా అంచనా వేసుకున్నారు. నిజంగా "మనం" అన్నవాడు ఓటమి రోజున ఆ మాట వెనక్కి తీసుకోలేడు. అతనికి అది చొక్కా కాదు, చర్మం.

బోణీ చెప్పని జోస్యం

2007 సంగతి ఎలా ముగిసిందో చెప్పాలి కదా. బోణీలో ఓడిన మిషిగన్ రెండో ఆట కూడా ఒరెగాన్ చేతిలో 39–7తో ఓడింది. ఇక ఈ ఏడు గంగలో కలిసినట్టేనని అభిమానులు తిట్టిపోశారు. ఆ జట్టే తరువాత వరసగా 8 ఆటలు గెలిచింది. చివర ఫ్లోరిడాను 41–35తో ఓడించి, మొత్తం 9 గెలుపులతో సీజను ముగించింది. అపలాచియన్ స్టేట్ మధ్యలో 2 ఆటలు ఓడింది. గోల్‌పోస్టు మోసినవాళ్ళలో ఆ 2 రాత్రులూ ఎంతమంది ఆటగాళ్ళ కోసం ఎదురుచూశారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ జట్టు మాత్రం తన మెట్టులో వరసగా మూడో ఏడూ ఛాంపియన్ అయింది.

మన దేశంలో దీనికి తిరగబడిన కథ ఉంది. 1983 ప్రపంచ కప్పు క్రికెట్‌లో భారత జట్టు తన తొలి ఆటలోనే వెస్టిండీస్‌ను 34 పరుగులతో ఓడించింది. ప్రపంచ కప్పుల్లో వెస్టిండీస్‌కి అదే తొలి ఓటమి. గాలివాటం గెలుపని చాలామంది కొట్టిపారేశారు. జూన్ 25న ఫైనల్లో మళ్ళీ ఆ జట్టునే 43 పరుగులతో ఓడించాక దేశమంతా "మనం" అయిపోయింది. బోణీ నాటి "మనం"కూ ముగింపు నాటి "మనం"కూ మధ్య ఆడింది మాత్రం కపిల్‌దేవ్ జట్టే.

మిగతా సగం

నా రూమ్మేటు జట్టు పదిరోజుల తరువాత రెండో ఆట ఓడింది. ఆ సాయంత్రం కూడా నేను గదిలోనే ఉన్నాను. వాడు బూట్లు విప్పుతుంటే, పుస్తకంలోంచి తలెత్తి, "ఏరా, ఎలా ఓడిపోయార్రా?" అన్నాను. వాడు లేసు ముడి విప్పుతూనే అన్నాడు: "మొన్న 'గెలిచాం' అన్నావు కదరా. ఇవాళ 'ఓడిపోయార్రా' ఏంటి?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు. జవాబు లేక మళ్ళీ పుస్తకంలో తల దూర్చాను. ఆ రాత్రి వాడు మెస్సుకు రాలేదు. నేను తెచ్చిపెట్టనూ లేదు. ఇన్నేళ్ళ తరువాత ఇన్ని అంకెలు చదివి నేను నేర్చుకున్నదల్లా వాడు ఆ పూటే రెండు వాక్యాల్లో చెప్పేశాడు.

అభిమానం తప్పని నేననను. గెలిచిన రోజు అరవని కాలేజీ కాలేజీయే కాదు. మన యూనివర్సిటీ జట్లు ఈ ఏడూ ఆడతాయి, బోణీ కొడతాయి, మీరంతా "గెలిచాం" అంటారు, అనండి. ఆ క్రియలో కర్త ఎవరో ఆ రోజు తేలదు. ఓడిన రోజు తేలుతుంది. ఆ రాత్రి గోల్‌కీపరు గదికి ఒక పళ్ళెం అన్నం తీసుకెళ్ళి, తలుపు తట్టి, "ఓడిపోయాం రా, తిను" అన్నవాడే ఆ మాటకు కర్త.